ఒక్కసారీ ఆగని యంత్రం

తైచుంగ్
ఏప్రిల్

ఆఫా,

ముప్పై ఏళ్ళ కిందట ఒక పెళ్ళి విందులో, పది మంది ముందు గ్లాసెత్తి, మా కంపెనీ యజమాని లో వెన్-పిన్ నాకు మాటిచ్చాడు. "ముందు పంపుల యంత్రం అప్పగించేద్దాం అన్నా. శరత్కాలం పున్నమి పండగ కాగానే నీకు రెండు నెలలు ఇస్తాను. ఆ లోపం తీరిగ్గా సరిచేసుకో" అన్నాడు. పండగ వచ్చింది. రెండు నెలలకు బదులు పంపరపనస పండ్ల బుట్ట ఒకటి పంపించాడు. మరుసటి ఏడు కంపెనీ అమ్ముకున్నాడు. ఇప్పుడొక కళాశాలలో వాడి కంచు విగ్రహం ఉంది. పని కట్టుకుని వెళ్ళి చూసొచ్చాను. ముక్కు అచ్చం వాడిదే. సిగ్గు మాత్రం శిల్పికి ఎక్కడా దొరికినట్టు లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నీ ఉత్తరం. లున్‌వెయ్ పంపుల స్టేషన్లో కంప్యూటరు రెండేళ్ళకు పైగా ఒక్కసారీ ఆగకుండా నడుస్తోందనీ, జిల్లా స్టేషన్లన్నిటిలో మీదే మొదటిదనీ, శరత్కాలంలో నీ చేతికి ఫలకం ఇస్తారనీ రాశావు. అది చదివి టీ కప్పు కింద పెట్టేశాను.

తెలిసిన సంగతే మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు తెలిసినవాడిలా ప్రవర్తించడం లేదు. చేపల చెరువుల కోసం నేల కింద నీళ్ళు తోడి తోడి మీ ఊరు సముద్రం కన్నా కిందికి కుంగింది. పోటు వస్తే గేటు మూసి, ఊళ్ళో పడ్డ వాన నీటిని పంపులతో బయటికి కొట్టాలి. పోటు తీస్తే గేటు తెరవాలి. ఎప్పుడు ఏది చెయ్యాలో చెప్పే ప్రోగ్రాం నేను రాసింది. దాన్ని అంత కాలం ఆపకుండా నడపకూడదు. మీ స్టేషన్ ముసలాయన షియే బతికుండగా మీరు ఎప్పుడూ అలా నడపలేదు. ఆపడం ఎప్పుడు మానేశారు? ఎందుకు మానేశారు? తిన్నగా జవాబు రాయి.

నాకు చెవులు సరిగా వినపడవు కాబట్టి ఫోన్ల మీద ఆశ పెట్టుకోకు.

నీ బావ,
గావో షి-యెన్

*

లున్‌వెయ్
మే

బావగారికి,

మీ ఉత్తరం తెరవగానే మా ఆవిడ అడిగింది, "ఎవరు పోయారు?" అని. "ఎవరూ పోలేదు, బావ క్షేమంగానే ఉన్నాడు, తిడుతున్నాడు" అన్నాను.

షియే ముసలాయన పద్ధతి మీకు గుర్తుండే ఉంటుంది. యంత్రం నెత్తిన ఆకుపచ్చ రంగు పేలాల పొట్లం పెట్టడం ఇక్కడ అందరూ చేసేదే. పసుపు పొట్లం పెడితే అలుగుతుంది, ఎర్రది పెడితే చస్తుంది, పచ్చది పెడితేనే బుద్ధిగా ఉంటుంది. పొట్లం మీద వేసిన తేదీ దాటిపోకూడదు. దాటేలోగా కొత్తది పెట్టాలి. దానికి ఆయన ఇంకో నియమం కలిపాడు. దేవుడు కూర్చుని ఉండగా పీఠం తుడవకూడదు కదా, అలాగే యంత్రం మెలకువగా ఉండగా పొట్లం మార్చకూడదనేవాడు. స్విచ్ ఆపి, దుమ్ము తుడిచి, కొత్త పొట్లం పెట్టి, బయట అగరొత్తి వెలిగించి, మళ్ళీ స్విచ్ వేసేవాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ యంత్రం ఒక్క రోజు కూడా మొరాయించలేదు.

ఆయన పోయాక నేనూ అలాగే చేశాను. ఇంతలో పై ఆఫీసు వాళ్ళు పోటీ పెట్టారు. ఏ స్టేషను కంప్యూటరు ఎక్కువ కాలం ఆగకుండా నడిస్తే ఆ స్టేషనుకి ఫలకం. ఒక్కసారి ఆపితే లెక్క మళ్ళీ సున్నా నుంచి. కాబట్టి పొట్లం మానలేదు, స్విచ్ ముట్టుకోవడం మానాను. దేవుడికి కోపం రాకుండా రెండు పొట్లాలు పెడుతున్నాను. ఇందులో తప్పేముంది బావా?

హుయ్-జెన్ బాగుంది. తను పెంచే పాలబొంత చేపలకి ఈ ఏడు మంచి ధర పలికింది. మొన్న కట్ట మీద కనపడి, "మా నాన్న ఇంకా నీకు రాస్తున్నాడా మామయ్యా? తిట్లకి తపాలా బిళ్ళ ఖర్చు వేరే" అంది. మీరు రాసినవి విప్పడం లేదట.

మీ
చెంగ్-ఫా

*

తైచుంగ్
మే

ఆఫా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇన్నేళ్ళూ మీ ఊరిని కాపాడింది పొట్లం కాదు. షియే స్విచ్ ఆపడం. ఆయనకూ ఆ సంగతి తెలియదు, మీకూ తెలియదు. మీరు అక్కర్లేనిదాన్ని రెండింతలు చేసి, అవసరమైనదాన్ని మానేశారు. పాత చరిత్రల్లో ఇలాంటి రాజ్యాలు చాలానే ఉన్నాయి. గుళ్ళు కట్టి కాలవలు పూడనిచ్చినవి.

లోపం ఏమిటో చెబుతాను. వీధిలో షామియానా వేసి గుండ్రటి బల్లల మీద విందు పెడతారు కదా. ఒక వంట తిన్నాక గిన్నెలు తీసేస్తేనే రెండో వంటకి చోటు. నా ప్రోగ్రాం నీటిమట్టం ఎంతుందో చూసిన ప్రతిసారీ బల్ల మీద ఒక చిన్న గిన్నె పెడుతుంది. పని అయ్యాక తియ్యదు. చాలా చిన్న గిన్నె. మొదటి వారం ఎవరికీ కనపడదు. మొదటి నెలలోనూ కనపడదు. గిన్నెలు పేరుకుంటాయి, వడ్డించేవాళ్ళు వంటకాలు చేతుల్లో పట్టుకుని చోటు కోసం తిరుగుతుంటారు, అన్నీ ఆలస్యమవుతాయి. చివరికి ఎవరూ కదలలేరు. స్విచ్ ఆపడమంటే బల్ల ఖాళీ చెయ్యడం. అంతే. దానికి అగరొత్తి కూడా అక్కర్లేదు.

మధ్యలో మీకు కొత్త కంప్యూటరు ఇచ్చారు. యంత్రం మార్చారు, ప్రోగ్రాం మార్చలేదు. పాతదానిలో మెమరీ తక్కువ. దాన్ని ఇలా ఆపకుండా నడిపి ఉంటే ఎండాకాలంలోనే చచ్చి ఊరుకునేది, ఎవరికీ నష్టం ఉండేది కాదు. కొత్తదానిలో బల్ల చాలా పెద్దది. అందుకే ఇన్నాళ్ళు లాగింది. దాన్ని మీరు ఆరోగ్యం అనుకుంటున్నారు.

అన్నిటికన్నా చెడ్డ సంగతి ఒకటుంది. నీటిమట్టం వేగంగా మారుతుంటే ప్రోగ్రాం మరింత తరచుగా చూస్తుంది. అంటే ఎండలో నెమ్మదిగా తింటుంది, తుఫానులో ఆబగా తింటుంది. అది చచ్చేది నీకు అవసరమైన రోజునే.

ఆటు సమయంలో, వాన లేని రోజున, ఆపి మళ్ళీ వెయ్యి. టీ కాచుకునేంత సేపు పట్టదు.

ఇంకొక్కటి. హుయ్-జెన్ ఇల్లు మీ గేటు పక్కనే, కట్టకి లోపలి వైపు. సముద్రం మట్టానికి మనిషి నడుము లోతు కింద. తుఫానుల కాలం పోయేదాకా తైచుంగ్ వచ్చి ఉండమని చెప్పు. నా ఫోను ఎత్తదు, నా ఉత్తరం విప్పదు. వాళ్ళమ్మ దినాల నాడు నేనన్న మాటకి ఈ శిక్ష. చదువుకు తగిన ఉద్యోగం వదిలి చేపల కంపులోకి పోయేదాన్ని మరేమనాలో నాకిప్పటికీ తెలియదు. ఆమెకి నేనక్కర్లేకపోతే పోనీ, వేరే గది అద్దెకి చూస్తాను. నా పేరు చెప్పకుండా చెప్పు. నువ్వు మేనమామవి, నీ మాట వింటుంది.

షి-యెన్

*

లున్‌వెయ్
జూన్

బావగారికి,

విందు పోలిక బాగుంది. మా ఆవిడకి చదివి వినిపించాను. "మీ బావ విందుకి పోయినా గిన్నెలే లెక్కపెడతాడు, తినడు" అంది.

ఆఫీసులో అడిగాను. అక్కడి కుర్ర ఇంజనీరు నవ్వి, "ఆగకుండా నడుస్తున్నదాన్ని ఆపమనేవాడు ఎవడు వూ గారూ? విరగనిదాన్ని ముట్టుకోకండి" అన్నాడు. వాళ్ళకి లేని భయం నాకెందుకు?

ఒక్క మాట దాచకుండా చెబుతాను. వచ్చే ఏడు నేను రిటైరవుతాను. బురద బూట్లేసుకుని ముప్పై ఏళ్ళు ఈ గదిలో కూర్చున్నాను. ఊళ్ళో వాళ్ళు నన్ను 'తలుపు మూసేవాడు' అంటారు. మా అక్క ఉన్నన్నాళ్ళూ ఆమెకి మీరు గొప్ప, నేను పంపుల దగ్గరి తమ్ముణ్ణి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వేదిక మీదికి పిలిచి నా పేరు చదువుతారు. కొత్త కోటు కుట్టించాను. ఫలకం అందుకున్న మర్నాడే ఆపుతాను. పున్నమి పండగ కాగానే. మాటిస్తున్నాను.

హుయ్-జెన్‌కి చెబుతాను. ఇప్పుడు పిల్ల చేపలు వదిలే రోజులు, కదలదు. వీలు చూసి చెబుతాను.

చెంగ్-ఫా

*

తైచుంగ్
జూన్

ఆఫా,

'పున్నమి పండగ కాగానే.' ఈ మాట ఇంతకు ముందు ఎక్కడ విన్నానో నీకు చెప్పనక్కర్లేదు. వాడికి కనీసం కంపెనీ అమ్మిన డబ్బు దక్కింది. నీకు దక్కేది గోడకి కొట్టుకునే చెక్క.

పై ఆఫీసుకి నేనే రాశాను. లోపం ఎక్కడుందో, ఎలా పెరుగుతుందో, ఎలా ఆపాలో అన్నీ వివరంగా. వాళ్ళ దగ్గరి నుంచి అచ్చు వేసిన కార్డు వచ్చింది. పౌరుల సలహాలకి కృతజ్ఞతలట. కార్డు మీద కొంగ బొమ్మ ఉంది.

తుంటి ఎముక విరగకపోతే నేనే బస్సెక్కి వచ్చి నీ చేతి మీద కొట్టి ఆ స్విచ్ ఆపేవాణ్ణి. గది నుంచి వంటింటికి పోవడానికే ఇద్దరు కావాలి.

నిన్ను బతిమాలుతున్నాను. ఇంతవరకూ నేను ఎవరినీ బతిమాలింది లేదు, నీ అక్క బతికి ఉంటే ఆమె చెప్పేది. ఆ ఫలకం మీద ఏం రాస్తారో అదే అక్షరాలతో నేను చేయించి పంపుతాను, అంతకన్నా మంచి చెక్కతో. యంత్రం ఆపు. పిల్లని పంపించు.

షి-యెన్

*

లున్‌వెయ్
జులై చివర

బావగారికి,

ఇక మనసు కుదుటపెట్టుకోండి. ఆపాను. పోయిన వారం, ఆటు సమయంలో, మీరు చెప్పినట్టే ఆపి, తుడిచి, మళ్ళీ వేశాను. పై ఆఫీసు వాళ్ళు లెక్క చూసే తీరు నాకు తెలుసు, ఏదో సర్దుతాను. ఫలకం గొడవ మీరు మరిచిపొండి.

ఇక్కడ ఎండలు మండుతున్నాయి. దయ్యాల నెల వస్తోంది, ఊళ్ళో అందరూ తిరిగొచ్చే ఆత్మలకి గుమ్మాల ముందు పెట్టడానికి సరుకులు కొంటున్నారు. నేను గేటు దగ్గర కూడా ఒక బల్ల వేస్తాను, నీళ్ళలో పోయినవాళ్ళ కోసం.

హుయ్-జెన్ నిన్న స్టేషనుకి వచ్చి నా మీద ఎగిరింది.

"మామయ్యా, నీ గేటు ఆవులిస్తోంది."

"గేటు ఆవులించడమేమిటే?"

"పోటు దిగిపోయి, నేను రెండు గంపల ఆల్చిప్పలు కడిగి లోపల పెట్టేశాక తీరిగ్గా తెరుచుకుంటోంది. మూసేటప్పుడూ అంతే. ఉప్పునీళ్ళు నా చిన్న చెరువులోకి వస్తున్నాయి. నీకూ దానికీ కలిపి నిద్రొస్తోందా?"

"ముప్పై ఏళ్ళదాన్ని ఒక్క పరుగున లెమ్మంటే లేస్తుందా?"

"నాకు నలభై రెండు. నేను లేవడం లేదూ?" అంటూ నా బల్ల మీది వేరుశనగకాయలు గుప్పెడు తీసుకుని పోయింది. అచ్చం మా అక్క నడక. మీరు చూడాలి.

చెంగ్-ఫా

*

తైచుంగ్
ఆగస్టు

ఆఫా,

నువ్వు ఆపలేదు.

బల్ల ఖాళీ అయిన రోజున ఆ ప్రోగ్రాం కుర్రాడిలా పరిగెడుతుంది. నీటిమట్టం మారిన క్షణంలో గేటుకి చెబుతుంది. రెండు గంపల ఆల్చిప్పలు కడిగేంత ఆలస్యం అవుతోందంటే గిన్నెలు అంచు దాకా వచ్చాయి. నీ అబద్ధాన్ని నా కూతురే బయట పెట్టింది, నువ్వే నీ చేత్తో రాసి పంపావు.

ఇంకో సంగతి అర్థం చేసుకో. యంత్రం చచ్చిపోతే నీకు తెలుస్తుంది, తెర నల్లబడుతుంది. చావకముందు జరిగేది అంతకన్నా ప్రమాదం. తెర వెలుగుతూనే ఉంటుంది. అంకెలు చక్కగా కనపడుతుంటాయి. కాని అవి ఎప్పటివో అంకెలు. సముద్రం ఎక్కడికి వచ్చిందో చెప్పదు, ఎక్కడ ఉండేదో చెబుతుంది. దాని మాట నమ్మకు. కిటికీ లోంచి చూడు, బయటికి వెళ్ళి చూడు.

ఫిలిప్పీన్స్ అవతల తుఫాను ఒకటి తిరుగుతోందని టీవీలో చెబుతున్నారు. ఈ ఉత్తరం అందిన గంటలో ఆపు. ఎదురింటి వాళ్ళ చేత నీకు ఫోన్లు చేయిస్తున్నాను, ఎత్తడం లేదు.

హుయ్-జెన్‌కి చెప్పావా? ఒక్క ముక్కలో రాయి. చెప్పావా, లేదా?

షి-యెన్

*

లున్‌వెయ్
సెప్టెంబరు

బావగారికి,

దహనం రోజున చక్రాల కుర్చీలో వచ్చి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయారు. మీకు వినపడాల్సింది కాగితం మీద పెడుతున్నాను. విచారణలో ఇంత వివరంగా చెప్పలేదు.

మీ ఆఖరి ఉత్తరం తుఫానుకి రెండు రోజుల ముందే అందింది. చదివాను. అప్పటికే గాలి మొదలైంది. తుఫాను మీదికి వస్తుండగా యంత్రం ఆపడానికి చెయ్యి రాలేదు. మళ్ళీ లేవకపోతే ఎలా అని భయం. ఈ ఒక్క తుఫాను దాటించేస్తే వారంలో పండగ అనుకున్నాను. అదీ ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం స్టేషన్లో నేనొక్కణ్ణే. కిటికీలకి చెక్కలు కొట్టేశాం. బయట ఏమీ కనపడదు, గాలి మోత తప్ప ఏమీ వినపడదు. ఉన్నది తెర ఒక్కటే. సముద్రం గేటు మూయాల్సిన గీతకి రెండడుగులు కిందే ఉన్నట్టు చూపిస్తోంది. గేటు తెరిచే ఉంది. తెర ప్రకారం అది సరైనదే.

హుయ్-జెన్ ఫోను చేసింది.

"మామయ్యా, గేటు మూయి. సముద్రం నా పెరట్లోకి వచ్చేసింది."

"రెండడుగులు కిందే ఉందమ్మా. వాన నీళ్ళు. నీ చెరువు పొంగి ఉంటుంది."

"నోట్లో పోసుకుని చూశాను. ఉప్పగా ఉంది."

"నేను తెర చూసి చెబుతున్నాను తల్లీ."

"నేను మోకాళ్ళ లోతులో నిలబడి చెబుతున్నాను. నీ తెర తడిసిందా మామయ్యా?"

"నువ్వు కంగారు పడి నన్ను కంగారు పెట్టకు. మేడ మీదికి ఎక్కి కూర్చో" అన్నాను. ఆమె "సరేలే. ఆ చేతి చక్రం ఎటు తిప్పితే మూసుకుంటుంది?" అని అడిగింది. నేను నవ్వాను బావా. "కుడికి. నీ వల్ల కాదు, ఇద్దరు మగాళ్ళు కావాలి" అన్నాను. ఫోను పెట్టేసింది.

టీ తాగాను. తెర మీద అంకె మారలేదు. అప్పుడు తలుపు కింది నుంచి నీళ్ళు లోపలికి వచ్చాయి. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను.

తలుపు తోసుకుని బయటికి వచ్చేసరికి గేటు సగానికి దిగి ఉంది. చక్రం దగ్గర ఎవరూ లేరు. ఆల్చిప్పలు పెంచే తెప్ప ఒకటి తెగి వచ్చి, ఆమె నిలబడ్డ చోటనే గేటు స్తంభానికి కొట్టుకుని ఉంది. మిగతా సగం నేను తిప్పాను. ఎలా తిప్పానో తెలియదు. ఆమె దొరికింది మర్నాడు. ఆ సగం గేటు వల్లే పై వీధి మునగలేదని ఊరంతా అంటోంది. ఆమెకి గుడి కడతామంటున్నారు.

మీరు అడిగినదానికి జవాబు. చెప్పలేదు. తైచుంగ్ వెళ్ళమని ఒక్కసారి కూడా చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతుంది. యంత్రం సంగతి చెప్పాలి. ఆమె నోరు మీకు తెలుసు, సాయంత్రానికి చేపల బజారంతా తెలిసేది, ఆఫీసుకి తెలిసేది.

విచారణ వాళ్ళు 'పాత ప్రోగ్రాంలో అంతర్గత లోపం' అని రాశారు. మనుషుల పేర్లేవీ లేవు. అది అబద్ధం కాదు కదా బావా. లోపం అందులోనే ఉంది. మీకు ఆ రెండు నెలలు ఇచ్చి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. మీరే ఎప్పుడూ అనేవారు, అన్నిటికీ మూలం లో వెన్-పిన్ అని. ఆ మాట మళ్ళీ ఒక్కసారి రాయండి. వాణ్ణి తిట్టుకుంటూ ఈ నాలుగు రోజులూ బతుకుతాను. అంతకన్నా ఏమీ అడగను.

చెంగ్-ఫా

*

తైచుంగ్
అక్టోబరు

వూ చెంగ్-ఫా గారికి,

మీరు అడిగిన మాట రాయలేను.

లో వెన్-పిన్‌ని ముప్పై ఏళ్ళు తిట్టాను. ఆ పనికి నేనొక్కణ్ణే చాలు, మీ సాయం అక్కర్లేదు. వాడు వదిలి వెళ్ళింది ఒక కన్నం. చదువు రాని ముసలివాడు ఒకాయన తనకే తెలియకుండా దాన్ని అన్నేళ్ళు మూసి పెట్టాడు. ఆ కన్నం ఎంత పెరిగిందో నేను రాసి పంపాను, ఎప్పుడు తెగుతుందో రాసి పంపాను, ఎలా మూయాలో రాసి పంపాను. ఇంత స్పష్టమైన హెచ్చరిక అందుకున్నవాణ్ణి నేను చదివిన ఏ చరిత్రలోనూ చూడలేదు.

యంత్రానికి తన దగ్గర చోటు లేదని తెలియదు. కొత్త అంకె పట్టక పాత అంకె చూపించింది. దానికి అబద్ధమాడే తెలివి లేదు. తెరకి చెవుల్లేవు. నా కూతురు ఉప్పగా ఉందని చెప్పింది చెవులున్నవాడికి.

మీరు రాసిన సంభాషణ రోజూ చదువుతున్నాను. ఆమె ఆఖరి మాటలు నా దగ్గర ఉన్నవి అవే. ఆ కాగితం మీకు తిరిగి పంపను.

నిన్న విచారణ వాళ్ళు ఒక మనిషిని పంపించారు. మర్యాదస్తుడు, బూట్లు గుమ్మం బయట విప్పాడు. ప్రోగ్రాం రాసినవాడిగా నా సంతకం కావాలట. పాత ప్రోగ్రాం లోపం అన్న మాట కింద.

"మీ మీద ఏ చర్యా ఉండదు గావో గారూ. ఎవరి మీదా ఉండదు. ఈ వయసులో మనసులో ఏమీ పెట్టుకోకండి" అన్నాడు.

"లోపం నాదే. సంతకం పెడతాను" అన్నాను. పెట్టాను. "ఇప్పుడు కింద ఇంకో వరస రాయాలి. చోటుందా?"

"ఏం రాస్తారు?"

"ఒక పేరు."

"లో వెన్-పిన్ గారి పేరైతే దయచేసి వద్దు. ఆయన మాకు సలహాదారు" అన్నాడు, పాపం, చెమటలు తుడుచుకుంటూ.

"కంగారు పడకు నాయనా, ఆయన కాదు" అని, నెమ్మదిగా, ఎవరు చదివినా తెలిసేలా రాశాను: వూ చెంగ్-ఫా.